పేకముక్కల లెక్కింపు: లాభం ఎంత, దాని వెనుక ముప్పు ఎంత?

సంక్షిప్తంగా

బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కించగల ఆటగాడికి కేసినో మీద నిజంగానే పైచేయి వస్తుంది. ఇది గణితం తేల్చిన విషయం. అయితే మామూలు బల్ల దగ్గర ఆ పైచేయి, కాసిన ప్రతి వంద రూపాయలకు ఒక రూపాయి కంటే తక్కువ. అది చేతికి అందేలోపు ఎదురయ్యే ఎగుడుదిగుళ్లు దానికి ఎన్నో రెట్లు. సగటు లాభం ఒక్కటే చెబితే చెప్పినట్టు కాదు. ఎంత మూలధనంతో, ఎన్ని పంపకాలకు, ఏ పన్ను కింద అన్నవి కూడా చెప్పాలి. గోదావరి జిల్లాల నుంచి గోవా వెళ్లి ఆడే మనిషి విషయంలో ఆ లాభంలో అధిక భాగాన్ని పన్ను నిబంధన ఒక్కటే తీసుకుపోగలదని ఈ వ్యాసంలోని నమూనా లెక్క చూపుతుంది.

ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది

సంక్రాంతి మూడు రోజుల్లో భీమవరం, ఉండి, ఆకివీడు మొదలుకొని అమలాపురం, ముమ్మిడివరం దాకా కోడిపందేల బరుల పక్కనే గుండాట, కోతముక్క, లోనాబయట శిబిరాలు వెలవడం, పోలీసుల హెచ్చరికలు, దాడులు ఏటా వార్తల్లో కనిపించేవే. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టం జూద గృహాలను నిషేధిస్తుంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. ఫోనులో ఆడే దారి మూసుకుపోయాక, చట్టబద్ధంగా కేసినోలు నడిచే గోవా ప్రయాణం గురించిన మాటలు పెరగడం సహజం. వాటి వెంటే “ముక్కలు లెక్కపెట్టడం నేర్చుకుంటే కేసినో ఓడక తప్పదు” అనే ప్రచారమూ వినిపిస్తోంది. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే మిగతా సగాన్ని నమ్మిస్తుంది కనుక రెండిటినీ విడదీసి చూడవలసిన అవసరం ఉంది.

పేకాటలో నైపుణ్యం పాత్ర మన ప్రాంతానికి కొత్త చర్చ కాదు. పదమూడు ముక్కల రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1968లోనే, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో అభిప్రాయపడింది. లోనాబయట సంగతి వేరు. ప్రతిసారీ పేక మొత్తం కొత్తగా కలిపి వేస్తారు కనుక ఇంతకుముందు ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకున్నా ఉపయోగం లేదు. గుండాటలోనూ అంతే. బ్లాక్‌జాక్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. పంచేది అదృష్టమే అయినా, ఒకసారి పడిన ముక్కలు మళ్లీ కలిపేదాకా పేకలోకి తిరిగి రావు. కాబట్టి జరిగిపోయిన పంపకాలు జరగబోయే వాటి గురించి కొంత సమాచారం ఇస్తాయి. లెక్కింపు అంతా ఈ ఒక్క అంశం మీద ఆధారపడింది.

లెక్కింపు ఎలా పనిచేస్తుంది

ఆట నియమం సరళమైనదే. ముక్కల మొత్తం 21 దాటకుండా, పంచేవాడి మొత్తం కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. రాజు, రాణి, జాకీలకు పదేసి. ఆసుకు ఒకటి లేదా పదకొండు. మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువ ముక్క అయితే దాన్ని బ్లాక్‌జాక్ అంటారు, దానికి మంచి నియమాలున్న బల్ల దగ్గర రెండుకు మూడు చొప్పున చెల్లిస్తారు. పంచేవాడికి సొంత నిర్ణయం ఉండదు. 16 వచ్చినా అతడు మరో ముక్క తీయాల్సిందే, 17 దగ్గర ఆగాల్సిందే.

1956లో అమెరికా సైన్యంలో పనిచేస్తున్న నలుగురు, బాల్డ్‌విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మాట్, చేతి లెక్కయంత్రాలతో ఏ పరిస్థితిలో ఏం చేస్తే నష్టం కనిష్ఠమో లెక్కగట్టి ప్రచురించారు. ఆ పద్ధతిని తప్పు లేకుండా పాటించినా, మంచి నియమాలున్న బల్ల దగ్గర కేసినోకు సుమారు 0.5% ఆధిక్యం మిగులుతుంది. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణిత ఆచార్యుడు కంప్యూటరు సాయంతో చూపినదేమిటంటే, ఈ 0.5% స్థిరమైనది కాదు. పేకలో మిగిలిన ముక్కలను బట్టి అది మారుతూ, కొన్ని వేళల్లో ఆటగాడి వైపు తిరుగుతుంది.

ఎందుకు తిరుగుతుందన్నది చాలా వివరణల్లో కనిపించదు. పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలితే బ్లాక్‌జాక్ పడే అవకాశం ఇద్దరికీ సమానంగానే పెరుగుతుంది. కానీ దానికి ఒకటిన్నర రెట్లు అందేది ఆటగాడికే. పంచేవాడికి వస్తే ఆటగాడు పోగొట్టుకునేది తన పందెం మాత్రమే. రెండవది, 12 నుంచి 16 మధ్య మొత్తం వచ్చినప్పుడు ఆటగాడు ఆగిపోవచ్చు. పంచేవాడు ఆగలేడు. పేకలో పదులు దండిగా ఉంటే అతడు 21 దాటి కూలిపోయే అవకాశం పెరుగుతుంది. పైగా ఆటగాడు 10 లేదా 11 మొత్తం మీద పందెం రెట్టింపు చేసినప్పుడు అతడికి కావలసినదీ పది ముక్కే. చిన్న ముక్కలు ఎక్కువ మిగిలితే ఇదంతా తారుమారవుతుంది.

ఎక్కువమంది వాడే పద్ధతిలో 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ఒకటి కలుపుతారు, 10, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేస్తారు, 7, 8, 9లను వదిలేస్తారు. ఒక పేకలో కలిపేవి 20, తీసేవి 20 కనుక పేక మొత్తం అయిపోతే లెక్క సున్నాకు వస్తుంది. వచ్చిన సంఖ్యను ఇంకా పంచవలసిన పేకల సంఖ్యతో భాగించాలి. లెక్క ఎనిమిదికి చేరి, నాలుగు పేకలు మిగిలి ఉంటే అసలు విలువ రెండు. ఒకే పేక మిగిలి ఉంటే అదే ఎనిమిది. ఈ అసలు విలువ ఒకటి పెరిగినప్పుడల్లా ఆటగాడి స్థితి సుమారు 0.5% మెరుగుపడుతుంది. అంటే విలువ ఒకటి దగ్గర ఆట ఇంచుమించు సమానమవుతుంది, నాలుగు దగ్గర ఆటగాడికి ఒకటిన్నర శాతం దాకా ఆధిక్యం వస్తుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. లెక్కించినంత మాత్రాన పడే ముక్కలు మారవు. గెలిచే పంపకాల సంఖ్యా పెద్దగా మారదు. ఓడిపోయేవే ఎప్పుడూ ఎక్కువ. లాభం వచ్చేది అనుకూలమైన వేళ పెద్ద పందెం, ప్రతికూలమైన వేళ చిన్న పందెం కాయడం వల్ల మాత్రమే. పందెంలో ఈ తేడాయే రాబడికి మూలం, ముప్పుకూ మూలం.

ఒక నమూనా లెక్క

ఆరు పేకలు కలిపి ఆడే ఒక బల్లను ఊహిద్దాం. ముక్కలు పంచిన దగ్గర నుంచి పందెం తేలేదాకా జరిగేదాన్ని ఒక పంపకం అందాం. అర్థం కావడానికి పరిస్థితులను మూడుగా కుదించవచ్చు. నూటికి 75 పంపకాల్లో ఆటగాడు సగటున 0.7% వెనకబడి ఉంటాడు, పందెం ₹1,000. నూటికి 15 పంపకాల్లో అతడికి 0.5% ఆధిక్యం, పందెం ₹4,000. మిగిలిన 10 పంపకాల్లో 1.8% ఆధిక్యం, పందెం ₹10,000. ఇవి ఏదో ఒక కేసినో నుంచి సేకరించిన అంకెలు కావు. మామూలు ఆట స్వభావానికి దగ్గరగా ఉండేలా ఎంచుకున్న ఊహలు.

మొదటి పరిస్థితి పంపకానికి సగటున ₹5.25 పోగొడుతుంది. రెండోది ₹3 తెస్తుంది. మూడోది ₹18 తెస్తుంది. నికరంగా పంపకానికి ₹15.75. సగటు పందెం ₹2,350 కనుక ఇది 0.67%. వంద పంపకాలకు, అంటే వేగంగా సాగే బల్ల దగ్గర సుమారు గంట సేపటికి, ₹1,575. ప్రచారంలో వినిపించేది ఇక్కడితో ఆగిపోతుంది. గంటకు ఇంత అంటే నెలకు ఇంత అని గుణించి చూపుతారు.

గుణించవలసిన రెండో అంకె ఒకటుంది. బ్లాక్‌జాక్‌లో ఒక్క పంపకం ఫలితం, పందెం రెట్టింపులూ జతలు విడదీయడాలూ కలుపుకొని, సగటు చుట్టూ ఎంతగా చెదురుతుందో చెప్పే ప్రామాణిక విచలనం పందేనికి సుమారు 1.15 రెట్లు. దాని వర్గం సుమారు 1.33. ఈ వర్గం పందెంతో కాక పందెం వర్గంతో పెరుగుతుంది. ₹10,000 పందెం ₹1,000 పందెం కంటే పది రెట్లు పెద్దదే, కానీ విచలనం వర్గానికి అది చేర్చేది వంద రెట్లు. మన నమూనాలో మూడు పరిస్థితులనూ కలిపితే పంపకానికి విచలనం, ఇకపై దీన్నే చెదురు అందాం, సుమారు ₹4,180. వంద పంపకాలకు అది వంద రెట్లు కాదు, వర్గమూలం చొప్పున పది రెట్లు, అంటే ₹41,800.

గంటకు రాబడి ₹1,575, చెదురు ₹41,800. రెండో అంకె మొదటిదానికి 26 రెట్లకు పైన ఉంది. ఒక గంట ఆట ముగిసేసరికి నష్టంతో లేచే అవకాశం 48.5%. నూటికి సుమారు రెండు గంటల్లో నష్టం ₹82,000 దాటుతుంది. ఆ గంటలో ఆటగాడు ఏ తప్పూ చేసి ఉండనక్కరలేదు. అలాగే లెక్కింపు ఏమీ తెలియని మనిషి అదే గంటలో ₹40,000 గెలిచి లేవడంలోనూ వింత లేదు. ఒక పూట ఫలితం చూసి పద్ధతి పనిచేస్తుందనో చేయదనో తేల్చేవారు, నిజానికి ఏమీ తేల్చని సాక్ష్యాన్ని నమ్ముతున్నారు.

గోదావరి ఏటా సగటున ఎంత నీరు మోస్తుందో చూసి ఎవరూ ఏటిగట్టు ఎత్తు నిర్ణయించరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 17.75 అడుగులకు మూడో హెచ్చరిక ఇస్తారంటే అవి సగటుకు సంబంధించిన అంకెలు కావు, సగటు నుంచి నది ఎంత దూరం పోగలదో చెప్పే అంకెలు. 1986 ఆగస్టు వరద చూసిన లంక గ్రామాలకు ఆ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. ముక్కల లెక్కింపులో మూలధనం చేసేది ఏటిగట్టు పనే.

సగటు ఎప్పటికి కనిపిస్తుంది

రాబడి పంపకాల సంఖ్యతో నేరుగా పెరుగుతుంది, చెదురు దాని వర్గమూలంతో మాత్రమే పెరుగుతుంది. కనుక ఎప్పుడో ఒకప్పుడు మొదటిది రెండోదాన్ని అందుకుంటుంది. అందుకునే ఆ పంపకాల సంఖ్యను ఈ రంగంలోని విశ్లేషకులు ఎన్-సున్నా అంటారు. చెదురు వర్గాన్ని రాబడి వర్గంతో భాగిస్తే అది వస్తుంది. మన నమూనాలో అది సుమారు 70,500 పంపకాలు. గంటకు వంద చొప్పున 705 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా 88 రోజులు. అన్ని పంపకాల తర్వాత సగటు రాబడి ₹11.1 లక్షలు, చెదురూ ₹11.1 లక్షలే. అప్పటికీ మొత్తం మీద నష్టంలో ఉండే అవకాశం 16% దాకా మిగులుతుంది. ఆ అవకాశం 2.3%కి దిగాలంటే దీనికి నాలుగు రెట్లు, అంటే 2,82,000 పంపకాలు కావాలి.

మధ్యలో 10,000 పంపకాల దగ్గర ఆగి చూస్తే సగటు రాబడి ₹1,57,500, చెదురు ₹4,18,000. అంటే వంద గంటలు ఏ పొరపాటూ లేకుండా ఆడినవారిలో మూడోవంతుకు పైగా నష్టంలోనే ఉంటారు. సరిగ్గా ఇక్కడే చాలామంది లెక్కను వదిలేసి ఊహను అనుసరించడం మొదలుపెడతారు. లెక్క తప్పని అర్థమై వదిలేయరు. సరైన లెక్క ఫలితం ఇవ్వడానికి పట్టే కాలం తెలియక వదిలేస్తారు.

రెండు బల్లలను పోల్చడానికీ ఈ కొలతే సరైనది. ఒకచోట గంటకు ₹2,000 రాబడి, ₹60,000 చెదురు. ఇంకోచోట గంటకు ₹1,500 రాబడి, ₹30,000 చెదురు. పైకి మొదటిదే మేలుగా కనిపిస్తుంది. ఎన్-సున్నా చూస్తే మొదటిదానికి 900 గంటలు, రెండోదానికి 400. రెండో బల్ల దగ్గర మూలధనాన్ని అనుసరించి పందెం పెంచుకుంటే అదే ముప్పుకు ఎక్కువ రాబడి వస్తుంది. డాన్ ష్లెసింజర్ ప్రచారంలోకి తెచ్చిన స్కోర్ అనే కొలత ఈ పోలికనే ప్రామాణికం చేసింది. మ్యూచువల్ ఫండ్లను రాబడితో పాటు ఒడిదుడుకులూ చూసి పోల్చే పద్ధతికి ఇది దగ్గరి బంధువు.

ప్రతికూలమైన పంపకాలు ఆడకపోతే ఏమవుతుందన్నదీ ఇదే కొలత చెబుతుంది. బల్ల పక్కన నిలబడి చూస్తూ, లెక్క అనుకూలించినప్పుడే కూర్చునే పద్ధతి స్టాన్‌ఫర్డ్ వాంగ్ అనే కలం పేరు గల రచయిత వల్ల ప్రసిద్ధమైంది. మన నమూనాలో 75% చెడ్డ పంపకాలను వదిలేస్తే, చూసిన పంపకానికి రాబడి ₹15.75 నుంచి ₹21కి పెరుగుతుంది, ఎన్-సున్నా 70,500 నుంచి సుమారు 37,400కు తగ్గుతుంది. చిన్న పందేలే కదా అని చెడ్డ పంపకాల్లో కూర్చోవడం ఎంత ఖరీదో దీన్ని బట్టి తెలుస్తుంది. ఈ పద్ధతిని పట్టుకోవడం కేసినోకు సులువు కనుకనే కొన్నిచోట్ల పేక మధ్యలో వచ్చి కూర్చోవడాన్ని అనుమతించరు.

మూలధనం, దివాలా

పందేలు మార్చకుండా ఆడుతూ పోతే మూలధనం ఎప్పుడో ఒకప్పుడు పూర్తిగా హరించుకుపోయే అవకాశాన్ని ఒక సూత్రంతో అంచనా వేయవచ్చు. రాబడిని రెండుతో, మూలధనంతో గుణించి, చెదురు వర్గంతో భాగించాలి. వచ్చిన సంఖ్యను e (సుమారు 2.718) అనే స్థిరాంకానికి రుణాత్మక ఘాతంగా తీసుకుంటే దివాలా అవకాశం తెలుస్తుంది. మన నమూనాలో ₹4 లక్షలతో మొదలుపెడితే అది 49%. ₹10 లక్షలతో 16.5%. ₹20 లక్షలతో 2.7%. మూలధనం రెట్టింపయితే దివాలా అవకాశం సగం కాదు, దాని వర్గానికి పడిపోతుంది. ఆ కారణంగానే పెద్ద మూలధనం ఉన్న జట్టుకూ, చిన్న మూలధనం ఉన్న ఒంటరి ఆటగాడికీ ఒకే నైపుణ్యం ఉన్నా ఒకే వ్యాపారం ఉండదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల జట్లు డబ్బును ఒక్కచోట చేర్చి ఆడడంలోని తర్కం ఇదే. పదిమంది ఒకే నిధితో వేర్వేరు బల్లల దగ్గర ఆడితే 705 గంటలు 70 గంటలకు కుదించుకుపోతాయి.

₹4 లక్షల మూలధనంతో ₹10,000 పందెం కాయడం వినడానికి జాగ్రత్తగానే ఉంటుంది. నలభై పెద్ద పందేలకు సరిపడా డబ్బు ఉందనిపిస్తుంది. కానీ అది ఇంచుమించు నాణెం ఎగరేయడమే.

పందెం ఎంత ఉండాలన్న ప్రశ్నకు బెల్ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన సమాధానం నేటికీ ఆధారం. మూలధనం దీర్ఘకాలంలో గరిష్ఠ వేగంతో పెరగాలంటే, ఆధిక్యాన్ని చెదురు వర్గంతో భాగించగా వచ్చిన భాగాన్ని మాత్రమే పందెం కాయాలి. 1.8% ఆధిక్యాన్ని 1.33తో భాగిస్తే మూలధనంలో 1.35%. ఆ ప్రకారం ₹10,000 పందేనికి వెనుక సుమారు ₹7.4 లక్షలు, చిన్న పందేల బరువు కూడా కలిపి మొత్తం నమూనాకు సుమారు ₹11.1 లక్షలు ఉండాలి. మూలధనం తగ్గినప్పుడు పందెం తగ్గించకపోతే, ఈ స్థాయిలో దివాలా అవకాశం 13.5%. పందెం సగానికి తగ్గిస్తే అది 2% లోపుకు దిగుతుంది. వృద్ధి వేగం మాత్రం నాలుగింట మూడు వంతులు నిలుస్తుంది. పందెం రెట్టింపు చేస్తే వృద్ధి సున్నాకు చేరుతుంది. ఇంకా పెంచితే, ఆధిక్యం తనవైపే ఉన్నా మూలధనం క్షీణిస్తుంది. అనుభవజ్ఞులు సగం కెల్లీకో అంతకు తక్కువకో కట్టుబడడానికి మరో కారణమూ ఉంది. 1.8% అన్నది అంచనా. అసలైనది 1.2% అయితే, పూర్తి కెల్లీ అనుకొని కాసినది ఒకటిన్నర కెల్లీ అవుతుంది.

పైచేయి ఎంత సులువుగా జారిపోతుంది

బల్ల మీద రాసి ఉండే ఒక్క వాక్యం ఈ లెక్కనంతా తలకిందులు చేయగలదు. బ్లాక్‌జాక్‌కు రెండుకు మూడు బదులు అయిదుకు ఆరు చొప్పున చెల్లించే బల్లలు ఎన్నో ఉన్నాయి. ఆ తేడా ఆటగాడికి సుమారు 1.4% నష్టం. మన నమూనాలోని మూడు పరిస్థితుల నుంచీ 1.4% తీసేస్తే పంపకానికి ₹15.75 లాభం కాస్తా సుమారు ₹17 నష్టమవుతుంది. లెక్కింపు ఎంత చక్కగా చేసినా అక్కడ ప్రయోజనం లేదు. పంచేవాడు, ఆసును పదకొండుగా లెక్కించగా వచ్చిన 17 మీద ఇంకో ముక్క తీయాలన్న నియమం మరో 0.2% తీసుకుంటుంది.

ఆరు పేకల్లో ఎన్నింటిని పంచాక మళ్లీ కలుపుతారన్నది అంతకంటే ముఖ్యం. లెక్క బాగా పెరిగే సందర్భాలు పేక చివరలోనే ఎక్కువగా వస్తాయి. సగం పంచగానే కలిపేస్తే ఆ చివర రానే రాదు. వాడిన ముక్కలను ఎప్పటికప్పుడు తిరిగి కలిపే యంత్రం ఉన్నచోట లెక్కించడానికి ఏమీ మిగలదు. ఆ బల్ల కూడా లోనాబయట లాంటిదే అయిపోతుంది. లెక్కించేవారిని బయటికి పంపే విషయంలో చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ముక్కలు లెక్కించే ఆటగాడు కెన్ ఉస్టన్ వేసిన కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1982లో అట్లాంటిక్ సిటీ కేసినోలు సొంతంగా అలా పంపలేవని తీర్పు చెప్పింది. నెవాడాలో మాత్రం పంపవచ్చు. లెక్కింపు మనసులో జరిగేంతవరకు మోసం కాదు. కానీ బాగా ఆడేవాడికి బల్ల దొరకకపోవడం కూడా రాబడి అంచనాలో చేర్చవలసిన ఖర్చే.

పొరపాట్ల బరువునూ తక్కువగా చూడరాదు. ఆధిక్యమే 0.67% అయినప్పుడు, అలసటతో అరశాతం పోవడమంటే లాభంలో నాలుగింట మూడు వంతులు పోవడమే.

ముప్పు పెరిగితే పన్నూ పెరుగుతుంది

ఇక మన దేశపు లెక్క. పేకాటలో, జూదంలో వచ్చే గెలుపు మీద ఆదాయపు పన్ను 30%. దానికి సెస్సు అదనం. ఆ గెలుపు నుంచి ఖర్చులు మినహాయించుకునే వీలు లేదు, నష్టాలను సర్దుబాటు చేసుకునే వీలూ లేదు. దీన్ని “లాభంలో మూడోవంతు పోతుంది, మిగతాది మనదే కదా” అని అర్థం చేసుకోవడం సర్వసాధారణం. అది సరికాదు. పన్ను పడేది సగటు లాభం మీద కాదు, గెలిచిన సందర్భాలన్నిటి మీద. ఓడిన సందర్భాలు ఆ లెక్కలోకి రావు. అంటే చెదురు ఎంత పెద్దదైతే పన్ను అంత పెద్దది.

రాజమహేంద్రవరం నుంచి గోవా వెళ్లి మాండవి నదిలోని ఒక కేసినో ఓడలో 20 గంటలు, 2,000 పంపకాలు ఆడిన వ్యక్తిని తీసుకుందాం. అతడి సగటు రాబడి ₹31,500, చెదురు సుమారు ₹1,87,000. నూటికి 57 ప్రయాణాల్లో గెలుపు, 43 ప్రయాణాల్లో ఓటమి. ప్రయాణాన్ని మొత్తంగా ఒకే లెక్కగా చూసినా, గెలిచిన ప్రయాణాల మొత్తాన్ని అన్ని ప్రయాణాలకూ పంచితే సగటు ₹91,400 వస్తుంది. దానిలో 30% అంటే ₹27,400. సగటు రాబడి ₹31,500లో మిగిలేది ₹4,100. గంట గంటకూ గెలుపును విడిగా లెక్కిస్తే పరిస్థితి మరీ విషమం. అప్పుడు గంటకు సగటు పన్ను ₹5,200 దాటుతుంది, రాబడేమో ₹1,575. ఇవి సెస్సు చేర్చని అంకెలు, రైలు చార్జీలు, బస, కేసినో ప్రవేశ రుసుము కలపని అంకెలు.

దీనికి తోడు కేసినోల మీద వస్తు సేవల పన్ను ఉంది. 2023 అక్టోబరు నుంచి చిప్పులు కొనడానికి చెల్లించే మొత్తం మీద 28% ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40%కి పెంచారు. ఆ భారంలో కేసినో ఎంత భరిస్తుంది, ఆటగాడి మీద ఎంత వేస్తుంది అన్నది వారివారి ఏర్పాటు. అందులో చిన్న భాగం ఆటగాడి మీద పడినా ఒక శాతం లోపు ఆధిక్యానికి తట్టుకునే శక్తి లేదు. థోర్ప్ కాలం నాటి నుంచి వచ్చిన పుస్తకాల్లోని గంట రాబడి పట్టికలు అమెరికా బల్లల దగ్గర, అక్కడి పన్నుల కింద ఆడేవారి కోసం వేసినవి. వాటిని రూపాయల్లోకి మార్చి మనవారికి చూపడం పొరపాటు లెక్క.

అప్పు తెచ్చిన మూలధనం

పైన చెప్పిన దివాలా అంకెలన్నీ ఆటకు కేటాయించిన డబ్బు ఆటగాడిదేనని, అది పోయినా ఇల్లు గడుస్తుందని అనుకొని వేసినవి. డెల్టా పల్లెల్లో చేబదుళ్లకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మామూలు రేటు. ₹10 లక్షలు ఆ వడ్డీకి తెచ్చి ఆడితే నెలకు ₹20,000 వడ్డీ కట్టాలి. పంపకానికి ₹15.75 చొప్పున అది తీరాలంటే, పన్ను మాట ఎత్తకుండానే, నెలకు సుమారు 1,270 పంపకాలు, అంటే 13 గంటల ఆట వడ్డీకే సరి. నెలకో గోవా ప్రయాణం చేసి 2,000 పంపకాలు ఆడినా ₹31,500 రాబడిలో ₹27,400 పన్నుకు, ₹20,000 వడ్డీకి పోగా, దారిఖర్చులు కాకుండానే నెలకు సగటున ₹15,900 లోటు. రాబడి వస్తుందో రాదో తేలడానికి కావలసిన 70,500 పంపకాలు నెలకు 2,000 చొప్పున దాదాపు మూడేళ్లు పడతాయి, అప్పటికి కట్టిన వడ్డీయే ₹7 లక్షలు అవుతుంది. సొంత డబ్బుతో ఆడేవాడి నష్టం సున్నా దగ్గర ఆగుతుంది. అప్పుతో ఆడేవాడి విషయంలో సున్నాకు చేరిన తర్వాత కూడా అసలు ₹10 లక్షలూ, దాని మీద నెలనెలా పెరిగే వడ్డీ అలాగే ఉంటాయి.